భూమిలోకి అలిగి వెళ్ళిన లిల్లీ

"రెండే రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కాఫీ చల్లారేలోపు అయిపోతుంది," అన్నాడు సిక్స్‌టెన్.

సిక్స్‌టెన్ రెండు ముక్కలు ఎంత పొడుగుంటాయో మా తోటల్లో అందరికీ తెలుసు. పోయినేడు తనని కందిరీగ కుట్టిన సంగతి రెండు ముక్కల్లో చెబుతానని మొదలుపెట్టాడు. కథలోకి కందిరీగ వచ్చేసరికి మాతో కూచుని వింటున్న డాగ్నీ పొయ్యి మీద పెట్టి వచ్చిన బంగాళాదుంపలు మాడి గిన్నెకి అంటుకుపోయాయి. కందిరీగ కుట్టిందో లేదో మాకు ఇప్పటికీ తెలీదు.

ఆ రోజు ఏప్రిల్ చివరి ఆదివారం, స్వీడన్‌లో మా కాల్మార్ పట్నం తోటలకి నీళ్ళు వదిలే రోజు. చలికాలంలో గొట్టాలు గడ్డకట్టి పగిలిపోతాయని నీళ్ళు కట్టేస్తారు. వదిలిన రోజున అందరం వచ్చి దారులు ఊడ్చి, కంచెలు కత్తిరించి, ఆఖర్న సంఘం షెడ్డు ముందు బల్లల దగ్గర కూచుని కాఫీ తాగుతాం. మామూలుగా ఆ కాఫీ దగ్గర ఎవరి కుళాయి పగిలింది, ఎవరి మొగుడు ఎవరితో డాన్సుకి వెళ్ళాడు లాంటి పనికొచ్చే మాటలే మాట్లాడుకుంటాం. ఈసారి అలా కుదరలేదు. బల్లకి ఆ చివర మా సంఘం అధ్యక్షురాలు మైవోర్ కూచుని ఉంది. కాఫీ అవగానే చేతులెత్తించి, సిక్స్‌టెన్ తోటముక్క వెనక్కి తీసుకోవాలా వద్దా తేల్చేస్తానని ముందే చెప్పింది.

ఆవిడ తప్పేం లేదు. సంఘం దగ్గర తోటముక్క తీసుకున్నవాడు అందులో ఏదో ఒకటి పెంచాలి. సిక్స్‌టెన్ ముక్కలో మూడు వేసవులుగా నల్లటి మట్టి తప్ప ఇంకేమీ కనిపించలేదు. అవతల ఒక తోటముక్క కోసం పట్నంలో జనం ఏళ్ళ తరబడి వరసలో ఉన్నారు. పైగా మైవోర్‌కి నియమాలంటే ప్రాణం. పక్కవాళ్ళ ముక్కలో ఆకు కూడా ముట్టకూడదన్న నియమం ఆవిడ పెట్టిందే. కంచె మీదుగా ఇవతలికి వాలిన ఒక్క గూస్‌బెర్రీ కోసుకున్నందుకు డాగ్నీకి ఒకసారి హెచ్చరిక పంపింది. ఆనాటి నుంచీ డాగ్నీ బన్నులు పంచేటప్పుడు మైవోర్‌కి వెతికి వెతికి చిన్నది ఇస్తుంది.

ఇక సిక్స్‌టెన్ సంగతి. పట్నంలో అతనికి ఉన్నది ఒక్కటే గది. దాని కిటికీ సైకిళ్ళు పెట్టుకునే చోటు వైపు ఉంటుంది. ఆ ఇంటి మెట్ల మీద అతను కనిపిస్తే ఇరుగుపొరుగు తాళంచెవి వెతుక్కుంటున్నట్టు నటిస్తారు. తోటలోని చెక్కగదిలో ఉండే ఈ నాలుగు నెలలే అతని మాట వినేవాళ్ళు దొరికే కాలం. ముక్క పోతే అవీ పోతాయి. అందుకే ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

"అయితే ఆ రెండు ముక్కలూ కానీ," అంది మైవోర్. "చేతులెత్తించే లోపు ఎంతైనా మాట్లాడుకో."

"నా ముక్కలో ఏమీ లేదంటున్నారు కదా. అక్కడ ముంగురుల లిల్లీ ఉంది. రేకులు వెనక్కి మెలితిరిగి, తల కిందికి వంచుకుని పూస్తుందే, ఆ లిల్లీ. విత్తనం నుంచి ఇంట్లో నేనే పెంచాను. మా తాతగారి కాలంలో ఓలాండ్ ద్వీపంలో ఒక పాస్టరుగారి తోటలో ఉండేవి. ఆయన భార్యకి మేకలంటే భయం, ఎందుకంటే చిన్నప్పుడు ఒక మేక ఆవిడ టోపీ తినేసింది, టోపీ అంటే గుర్తొచ్చింది, మా తాత టోపీ…"

"సిక్స్‌టెన్," అంది డాగ్నీ. "లిల్లీ."

"అక్కడికే వస్తున్నా! సరే, టోపీ వదిలెయ్. మూడేళ్ళ కిందట ఎండిన కాయ ఒకటి దొరికింది. ఊపితే గలగలమంది. విప్పితే లోపల పొరలు పొరలుగా పల్చటి విత్తనాలు, చేప పొలుసుల్లాగా. అందరూ గడ్డలు కొనుక్కుని పాతుకుంటారు. విత్తనం వేసినవాడు పువ్వు చూడాలంటే ఏడేళ్ళు పడుతుంది. ఏడేళ్ళయినా సరే, పూయించి తీరతానన్నాను. మైవోర్, ఈ మాట రాసుకో."

"నేనేమీ రాసుకోవడం లేదు," అంది మైవోర్.

"సరే, గుర్తుపెట్టుకో. ఈ విత్తనం సంగతి మీకు తెలీదు. దానికి ముందు వెచ్చగా ఉండాలి, ఆ తర్వాత చల్లగా ఉండాలి. వెచ్చగా ఉన్నప్పుడు లోపల్లోపలే చిన్న గడ్డ కడుతుంది, బయటికి ఏమీ రాదు. చలికాలం గడిచాకే ఆకు. తొందరపడినవాడు చచ్చిందనుకుని పారేస్తాడు. తడి నాచులో కలిపి సంచిలో పెట్టాను. నా గదిలో రేడియేటరు పనిచేయదు. మరి వెచ్చదనం ఎక్కడిది? చొక్కా లోపల పొట్టకి కట్టుకున్నాను. చలికాలమంతా! పక్కకి తిరిగి పడుకోలేదు. స్నానానికి వెళ్తే సంచిని పిల్లి కింద పెట్టి వెళ్ళేవాణ్ణి."

"నీకు పిల్లి లేదు," అన్నాన్నేను.

"పక్కింటి పిల్లి, గెర్డా. అద్దెకి తెచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? క్రిస్మస్ నాటికి లోపల గడ్డలు కట్టిన చప్పుడు వినిపించింది. టిక్, టిక్, టిక్. చర్చిలో అందరూ నా పొట్ట వంక చూశారు. ఇక చలి కావాలి. ఫ్రిజ్‌లో హెర్రింగు చేపల సీసాకీ లింగన్‌బెర్రీ జామ్‌కీ మధ్య పెట్టాను. ఏం లాభం? గాలివానకి మా వీధిలో కరెంటు పోయింది. ఫ్రిజ్ వెచ్చబడింది. నేనలా చూస్తూ ఊరుకుంటానా? సంచి తీసుకుని గడ్డకట్టిన సముద్రం మీదికి నడిచాను, మంచుకి కన్నం వేశాను, తాడు కట్టి సంచి లోపలికి దించి, బకెట్ బోర్లించుకుని దాని మీద కూచున్నాను."

"ఎన్నాళ్ళు?" అడిగింది డాగ్నీ. బన్నులు పంచడం ఆపేసింది అప్పటికే.

"బకెట్‌కి గుంట పడేదాకా! ఒకరోజు పొద్దున్నే తాడు గుంజేసింది. పైక్ చేప! ఈ బల్లంత పొడుగు. సంచిని మింగి ఓలాండ్ వైపు లాక్కుపోతోంది. నేను వదల్లేదు. అది లాగుతోంది, నేను మంచు మీద జారుతున్నాను, మడమలు తన్నిపట్టినచోటల్లా మంచులో రెండు చాళ్ళు పడ్డాయి. ఆ ఏడాది పిల్లలు ఆ చాళ్ళలోనే స్కీయింగ్ చేశారు. ఓలాండ్ వంతెన కిందికి వెళ్ళేసరికి చేపే అలిసిపోయి పైకొచ్చింది. దాన్ని కోసి చూద్దునా, సంచి చెక్కుచెదరలేదు. పైగా చేప కడుపులో చలి సరిగ్గా సరిపోయింది. ఏ పుస్తకంలోనూ రాయలేదు ఈ ఉపాయం."

బల్ల పక్కన అల్బిన్ మాత్రం కింద చూస్తూ కూచున్నాడు. అల్బిన్ సంగతి కూడా చెప్పాలి. అతనిది సిక్స్‌టెన్ పక్క ముక్క. మంచు కరిగిన రోజు నుంచే థర్మాస్ పట్టుకుని వచ్చేస్తాడు. మా అందరి ముక్కల్లోకీ నీటుగా ఉండేది అతనిదే. కలుపు కనిపిస్తే అతని చెయ్యి ఆగదు. తన సొంత బావమరిది అంత్యక్రియలప్పుడు పాస్టరు ప్రార్థన చదువుతుంటే, ఈయన వంగి పక్క సమాధి మీది గడ్డి పీకాడు. వితంతువు అది చూసి, దుఃఖం ఆపుకోలేక నేలకి ఒరిగిపోయాడనుకుంది. ఇప్పుడు కూడా కాళ్ళ దగ్గర రాళ్ళ సందుల్లోంచి ఒక్కొక్క గడ్డిపరక తీసి పక్కన పేరుస్తున్నాడు.

"ఆ విత్తనాలు తెచ్చి నా ముక్కలో వేశాను," అన్నాడు సిక్స్‌టెన్. "మొదట నేల ఎలుకలు వచ్చాయి. లిల్లీ గడ్డంటే వాటికి మీగడ. ఒకటీ రెండూ కాదు, దండు! నేను రాత్రింబగళ్ళు మడి మీదే పడుకున్నాను. పై నుంచి నేనుంటే కింద నుంచి సొరంగం తవ్వాయి. కానీ అప్పటికి గడ్డ ఊరడం మొదలుపెట్టింది. ఊరగా, ఊరగా, సొరంగాలన్నీ బిగుసుకుపోయాయి. ఎలుకలు ఊపిరాడక మూటాముల్లె సర్దుకుని వలస పోయాయి. ఎక్కడికి పోయాయని అడగవేం, మైవోర్?"

"నా క్యారెట్లలోకి," అంది మైవోర్ పళ్ళు బిగపట్టి. "పోయిన రెండేళ్ళూ."

"నేను చెప్పలేదూ! సాక్ష్యం ఆవిడే ఇస్తోంది. ఇక గడ్డ ఆగలేదు. ఒకరోజు పొద్దున కాఫీ పోసుకుంటే కప్పులోంచి ఒక పక్కకి ఒలికింది. బల్ల వంకర అనుకున్నాను. బల్ల కాదు, గది! గడ్డ కింద నుంచి నా చెక్కగదిని ఎత్తేసింది. సాయంత్రానికి తలుపు దగ్గర నిచ్చెన వేశాను. మర్నాటికి గది తిరిగిపోయి వంటింటి కిటికీ సముద్రం వైపుకి వచ్చింది. నేను ఫిర్యాదు చేయలేదు, సముద్రం కనిపించే గదికి పట్నంలో ఎంత అడుగుతారో నాకు తెలుసు."

"నీ ఎదురు ముక్క నాదే," అన్నాన్నేను. "నేను చూడలేదే?"

"నువ్వు మీ చెల్లెలింటికి మాల్మో వెళ్ళావు, ఆవిడతో పోట్లాడి వారానికే తిరిగొచ్చావు. ఆ వారమే అది జరిగింది. డాగ్నీకి కంట్లో కురుపు. మైవోర్ తల దించుకుని ఎలుకల్ని తిట్టుకుంటోంది. అల్బిన్ ఎప్పుడైనా తల ఎత్తుతాడా? ఎవరూ చూడలేదంటే జరగలేదని అర్థమా?"

నేను చెల్లెలితో పోట్లాడిన సంగతి అతనికి ఎవరు చెప్పారో తర్వాత ఆరా తీశాను. డాగ్నీయే.

"ఇక కాడ లేచింది," అన్నాడు సిక్స్‌టెన్ కూచున్నవాడల్లా లేచి. "పొద్దున నా మోకాలంత, భోజనాల వేళకి నా భుజమంత, సాయంత్రానికి జెండా కర్ర దాటింది. మిడ్‌సమ్మర్ పండగకి జెండా ఎక్కడ ఎగరేయను? లిల్లీ కొసకి కట్టాను. నిచ్చెన మీద నిచ్చెన వేసుకుని ఎక్కితే ఓలాండ్ మీద గాలిమరలన్నీ పిల్లల బొమ్మల్లాగా కనిపించాయి. అక్కడివాళ్ళు జెండా చూసి, మబ్బుల్లోంచి వస్తోందనుకుని, తింటున్నవాళ్ళు తింటున్నట్టే లేచి నిలబడి పాట పాడారు. జాలరులు దీపస్తంభం వంక చూడడం మానేశారు."

"నీ మాటలు కాల్మార్ కోట దాటిపోయాయి," అంది డాగ్నీ. "నువ్వు మాత్రం నీ గేటు దాటలేదు."

"ఇంకా పూయనేలేదు, ఉండు! నలభై మొగ్గలు. ఒక్కొక్క పువ్వు చర్చి గంటంత. వాన వస్తే ఒక పువ్వు కింద కుర్చీ వేసుకుని కూచునేవాణ్ణి, రెండో పువ్వు కింద బట్టలు ఆరేసేవాణ్ణి. ఇక వాసన! ముంగురుల లిల్లీ సాయంత్రం పూట గుప్పుమంటుంది. ఆదివారం సాయంత్రం ప్రార్థనలో పాస్టరు వాక్యం మధ్యలో ఆగి, తను పెళ్ళి చేసుకోని పిల్ల పేరు చెప్పేశాడు. ద్వీపం నుంచి తేనెటీగలు సముద్రం దాటి వచ్చి, తేనె మోయలేక తిరిగి ఎగరలేక, వంతెన మీద నడుచుకుంటూ వెళ్ళాయి. కార్లన్నీ ఆగి దారిచ్చాయి. అడవిలోంచి కొమ్ముల దుప్పి ఒకటి వచ్చి రాలిన రేకు ఒకటి నమిలి, ఇదిగో ఇక్కడే, ఈ షెడ్డుకి జారగిలబడి నిద్రపోయింది. మీరంతా దాన్ని ఎరువు కుప్ప అనుకున్నారు."

డాగ్నీ నవ్వింది. నేనూ నవ్వాను. మైవోర్ నవ్వలేదు. కప్పు బోర్లించి సాసరులో పెట్టింది.

"ఇప్పుడా లిల్లీ ఎక్కడుంది, సిక్స్‌టెన్?"

సిక్స్‌టెన్ నెమ్మదిగా కూచున్నాడు. గొంతు తగ్గించాడు.

"అదే చెప్పబోతున్నాను. లిల్లీకి రోషం ఎక్కువ. నువ్వు తనిఖీకి వచ్చిన రోజు గుర్తుందా? కంచె దగ్గర నిలబడి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, 'ఇక్కడేమీ లేదు' అన్నావు. అది వింది. అలిగింది. పువ్వులు ముడుచుకుని, కాడ ముడుచుకుని, గడ్డలోకి వెళ్ళిపోయి, గడ్డ భూమి లోపలికి దిగిపోయింది. నా గది కూడా యథాస్థానానికి వచ్చేసింది. ఇప్పుడది కింద విశ్రాంతి తీసుకుంటోంది. ఇంకెవడికో ఈ ముక్క ఇస్తే వాడేం చేస్తాడు? బంగాళాదుంపలకని పార దింపుతాడు. దాని గుండెల్లో దిగుతుంది ఆ పార. నేను ఒప్పుకోను. మీరందరూ చేతులెత్తినా సరే, ఆ మట్టి మీద పడుకుంటాను. నన్ను కూడా కలిపి తవ్వుకోండి."

ఇంతసేపు నవ్వుతున్న మేము ఆ మాట దగ్గర నవ్వలేకపోయాం. అతని చొక్కా కాలరు చెమటకి తడిసిపోయి ఉంది.

"షెడ్డులో పార ఉంది," అంది మైవోర్. "తవ్వి చూద్దాం. ఉంటే ఉంచుకో."

"అలిగినదాన్ని తవ్వుతారా ఎవరైనా?"

"అయితే చేతులెత్తించాల్సిందే. నియమం నా ఒక్కదాని కోసం కాదు." మైవోర్ లేచి నిలబడింది. "సిక్స్‌టెన్ ముక్క వెనక్కి తీసుకోవాలనేవాళ్ళు…"

"మొదటి ఆకు ఎలా ఉంటుంది?"

అడిగింది అల్బిన్. అల్బిన్ సమావేశంలో నోరు విప్పగా ఎవరూ ఎరగరు. ఒకసారి షెడ్డు పైకప్పు అంటుకున్నప్పుడు కూడా మైవోర్ భుజం తట్టి వేలితో చూపించాడు, అంతే.

"ఏ మొదటి ఆకు?" అన్నాడు సిక్స్‌టెన్.

"విత్తనం లిల్లీకి. మొదటి ఏడు వచ్చే ఆకు."

"ఒక్కటే ఆకు వస్తుంది. కోలగా, వేలంత కూడా ఉండదు. తెలీనివాడు కలుపనుకుంటాడు," అన్నాడు సిక్స్‌టెన్, పుస్తకంలో చదివింది అప్పజెబుతున్నట్టు.

అల్బిన్ లేచి వెళ్ళాడు. ఎరువు కుప్ప దగ్గర పెట్టిన బకెట్ తెచ్చి బల్ల మీద బన్నుల పక్కన పెట్టాడు. లోపల డాండెలియన్ కలుపు వేర్లు, గడ్డి, వాటి మధ్య గుప్పెళ్ళ కొద్దీ చిన్న చిన్న కోల ఆకులు. ఒక్కొక్క ఆకు చివర ఒక తెల్లటి గడ్డ. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది.

"పొద్దున పీకాను," అన్నాడు. "నీ ముక్కలోవే. నువ్వు నీళ్ళు వదిలాక కానీ రావు. నేను ముందే వస్తాను కదా. నీ ముక్క శుభ్రంగా కనిపిస్తే మైవోర్ ఊరుకుంటుందని ప్రతి ఏడూ వేరుతో సహా తీసేస్తాను. ప్రతి ఏడూ ఇవే వస్తున్నాయి. మొండి కలుపు అనుకున్నాను."

మైవోర్ కళ్ళద్దాలు పెట్టుకుని ఒక గడ్డ తీసి గోరుతో మట్టి తుడిచింది. పొలుసు మీద పొలుసు, వెల్లుల్లి రెబ్బల్ని బొమ్మంత చిన్నగా చేసినట్టు.

"లిల్లీ," అంది. "ముంగురుల లిల్లీయే."

ఇలాంటి సమయంలో సిక్స్‌టెన్ బల్ల ఎక్కి మరీ మాట్లాడతాడు. అందుకని అందరం అతని వంక చూశాం. అతను బకెట్ దగ్గరికి వచ్చాడు. చెయ్యి పెట్టబోయి ఆగాడు. చొక్కాకి చెయ్యి తుడుచుకుని అప్పుడు ఒకటి తీశాడు. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మొలిచాయా?" అన్నాడు.

డాగ్నీ చేతిలో బన్ను చేతిలోనే ఉండిపోయింది.

"మమ్మల్ని అడుగుతావేంటి?" అంది. "చర్చి గంటలంత పువ్వులు పూయించినవాడివి నువ్వు కదూ?"

సిక్స్‌టెన్ ఆ రోజు ఇంక ఏ కథా చెప్పలేదు. బకెట్ రెండు చేతులా పట్టుకుని, నీళ్ళ కుండ మోసినట్టు జాగ్రత్తగా తన ముక్క వైపు నడిచాడు. ముందు అల్బిన్ వెళ్ళాడు, తర్వాత డాగ్నీ, తర్వాత నేను. మైవోర్ షెడ్డులోంచి పార తేబోయి, మానేసి, టీ చెంచాలు తెచ్చింది. చీకటి పడేవరకు మోకాళ్ళ మీద కూచుని ఒక్కొక్కటే మళ్ళీ పాతాం. మధ్యలో అల్బిన్ చెయ్యి ఒకసారి ఒక ఆకు వైపు వెళ్ళింది. సిక్స్‌టెన్ ఆ చేతి మీద కొట్టాడు.

కదిలించిన ముంగురుల లిల్లీ ఆ ఏడు బయటికి రాదు. అది మాత్రం నిజమే. కనుక ఈ వేసవి కూడా సిక్స్‌టెన్ ముక్కలో నల్లటి మట్టే ఉంది. మైవోర్ వారానికోసారి వచ్చి కంచె దగ్గర నిలబడి చూస్తుంది, కానీ ఏమీ అనదు. అది వింటుందేమోనని.

ముక్క సిక్స్‌టెన్‌కే ఉంచాలని అందరం చేతులెత్తాం. పక్కవాళ్ళ ముక్కలో ఆకు ముట్టినందుకు ఆ ఏటి హెచ్చరిక అల్బిన్‌కి వచ్చింది.